మాక్రో లెన్స్ కొనకుండ పత్తి చేను, బత్తాయి తోట పురుగుల ఫోటోలు: వానాకాలం ప్రాజెక్టు డైరీ

మిరుగం, మొదటి వాన పడ్డంక

ఈ వానాకాలం చేద్దామనుకున్న పని ఏందంటే, మా బత్తాయి తోటల, పక్కన పత్తి చెల్కల ఉండే చిన్న చిన్న పురుగులన్నిటినీ పెద్దగ, సాఫ్‌గ కనబడేటట్టు ఫోటోలు తీసి, ప్రింట్లు కొట్టించి మా ఊరి రైతు వేదికల గోడకు పెట్టాలె. మాది నల్లగొండ నుంచి కనగల్ పోయే దిక్కు. మా దగ్గర ఆకు మీద ఏదన్న కదిలినట్టు కనబడితే చాలు మందు పంపు భుజానికెక్కుతది. అది పంటను తినే పురుగా, లేకపోతే ఆ పురుగును తినే పురుగా అని చూసుకునే వీలే లేదు, ఎందుకంటే తెల్లదోమ గాని తామర పురుగు గాని మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటయి, నాయినకు అరవై దాటినయి, కళ్లజోడు పెట్టుకున్నా ఆయనకు అవన్నీ చుక్కలే. వాట్సాప్‌ల తిరిగే ఫోటోలు ఏ దేశంల తీసినయో ఎవలకు ఎరుక, మన ఆకు మీద అది ఎట్ల కనబడుతదో అట్ల ఉండయి. మన చేన్ల, మన ఆకు మీద తీసింది అయితే మనోళ్లు ఆగి చూస్తరు అని నా నమ్మకం.

నా దగ్గరున్న సామాను: సెకండ్‌హ్యాండ్ల తీసుకున్న కెనాన్ 700డి, దాంతోపాటు వచ్చిన 18-55 జూమ్ లెన్స్, ఇంకో 55-250 జూమ్, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ (ఈ 18, 55, 250 అన్నీ లెన్స్ ఫోకల్ దూరం మిల్లీమీటర్లల్ల, నంబరు పెరిగితే దూరంది దగ్గర చేసి చూపిస్తది). అసలు మాక్రో లెన్స్ అంటే వేలకు వేలు, ఆ పైసలు ఉంటే తోటల పాత డ్రిప్పు పైపులు మార్పించే పని ముందు ఉన్నది. కాబట్టి రూలు ఒక్కటే పెట్టుకున్న, ఏది కొన్నా వందల్లనే ఉండాలె, లేకపోతే ఇంట్ల పడి ఉన్న సామానుతోటి చెయ్యాలె.

ముందుగాల లెక్క చెప్త, తర్వాత అన్నిటికీ ఇదే పనికొస్తది. మాక్రో అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు సైజుల ఉండుడు, దాన్నే 1:1 అంటరు. 700డి సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. ఒక స్టీలు స్కేలును ఫోటో తీసి, ఫ్రేముల ఈ చివర నుంచి ఆ చివర దాక ఎన్ని మిల్లీమీటర్లు పట్టినయో చూసి, 22.3ను దాంతోటి భాగిస్తే మనం ఎన్ని రెట్ల మీద ఉన్నమో వస్తది. 18-55ను 55 మీద పెట్టి ఎంత దగ్గరికి పోయినా ఆరు సెంటీమీటర్ల పైన స్కేలు కనబడుతది, అంటే 0.36 రెట్లు. ఒక మిల్లీమీటరు తెల్లదోమ దాంట్ల ఫ్రేము వెడల్పుల 60వ వంతు. పనికిరాదు. నాకు కావాల్సింది 1 నుంచి 3 రెట్లు.

ఆరుద్ర

కార్తె పేరు పెట్టుకున్న పురుగు తోటే మొదలువెట్టిన. ఆరుద్ర పురుగు సెంటీమీటరు దాక ఉంటది కాబట్టి దీనికి ఏ అటాచ్‌మెంటూ అక్కర లేదు, 18-55 ఒక్కటి చాలు, ఫ్రేముల ఆరో వంతు వస్తది, మిగిలింది కత్తిరించుకోవచ్చు. వాన పడి తెల్లారి ఎండ పొడిసినంక ఎర్ర చెల్కల మీదికి వస్తయి, మిగతా కాలమంతా భూమి లోపలే.

దీనికి కష్టం దగ్గరికి పోవుడు కాదు, ఎరుపు. కెమెరా మామూలు లెక్కతోటి తీస్తే ఒంటి మీది మఖమల్ నూగంతా కలిసిపోయి ఎర్ర ముద్ద వస్తది, ఎందుకంటే వెలుతురు మొత్తం సరిపోయినట్టే కనబడుతది గాని ఎరుపు చానెల్ ఒక్కటి నిండి పొర్లిపోతది. హిస్టోగ్రాముల (ఫోటోల వెలుతురు ఎంత ఉన్నదో చూపించే గ్రాఫు) మూడు రంగులు వేరువేరుగ చూపించే ఆప్షన్ ఉంటది, అది పెట్టుకొని ఎరుపు గీత కుడి అంచుకు తాకకుండ ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటే నూగు ఒక్కొక్క పోగు విడిగ కనబడుతది. రా ఫైలు (కెమెరా ఏం మార్చకుండ దాచేది) తీస్తే ఇంకా మంచిది. ఇంకోటి, ఎర్ర మట్టి మీద ఎర్ర పురుగు పై నుంచి తీస్తే తేలదు, కెమెరా నేల మీద పెట్టి పక్క నుంచి తీస్తే వెనకాల గడ్డి పచ్చగ మసకగ వస్తది, పురుగు విడిగ నిలబడుతది. తడి నేల మీద పండుకోనీకి ఎరువు సంచి ఒకటి వెంట తీస్కపోవాలె.

పునర్వసు, ఫోన్ల సంగతి

చిన్నాయన కొడుకు, ఇంటర్ చదువుతున్నడు, "అన్నా కెమెరా లేనోళ్లు ఏం చెయ్యాలె, ఊర్ల అందరి దగ్గర ఫోన్లే ఉన్నయి కదా" అన్నడు. సరైన మాట. అందుకే ఫోన్‌ను కూడ ప్రాజెక్టుల కలిపిన.

మామూలు ఫోన్ మెయిన్ కెమెరా ఒక జానెడుల సగం కంటే దగ్గరికి పోతే ఫోకస్ కాదు. కొన్ని ఫోన్లల్ల విడిగ మాక్రో కెమెరా అని 2 మెగాపిక్సెల్‌ది ఒకటి ఇస్తరు, దాని కంటే మెయిన్ కెమెరా ముందర మంచి భూతద్దం పెట్టుడు నయం. నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు వాచీలు బాగుచేసే పెద్దమనిషి దగ్గర కంటికి పెట్టుకునే పాత అద్దం ఒకటి అడిగి తెచ్చుకున్న, 10 రెట్లది. 10 రెట్ల అద్దం ఫోకల్ దూరం 25 మిల్లీమీటర్లు, అంటే ఆకు అద్దానికి సరిగ్గ రెండున్నర సెంటీమీటర్ల దూరంల ఉన్నప్పుడు దాని నుంచి బయటికి వచ్చే వెలుతురు సమాంతరంగ అయితది, ఫోన్‌కు అదేదో చాన దూరంల ఉన్న వస్తువు లెక్క కనబడుతది, ఆరాంగ ఫోకస్ చేస్కుంటది. అద్దం ఫోన్‌కు ఆనుకొని ఉండాలె, మధ్యన సందు ఉంటే చుట్టూ నల్ల గుండ్రం వస్తది. బట్టల క్లిప్పుకు రంధ్రం పొడిసి దాంట్ల అద్దం ఇరికించి ఫోన్‌కు పెట్టినం, గట్టిగనే నిలబడ్డది.

లేజర్ లైటు బొమ్మ విప్పితే లోపల శెనగ గింజంత లెన్స్ దొరుకుతది, అది కూడ ఇదే పని చేస్తది, ఇంకా ఎక్కువ పెద్దగ చూపిస్తది గాని మధ్యల నాణెం అంత జాగనే సాఫ్‌గ ఉంటది, అంచులు మొత్తం సాగిపోతయి. నీళ్ల చుక్క ఫోన్ అద్దం మీద వేసి తీసే పద్ధతి గురించి అందరు చెప్తరు, ఫోన్ బోర్లా సమానంగ పట్టుకుంటేనే చుక్క నిలుస్తది, చేన్ల గాలికి అది కుదరదు, ఇంట్ల పిల్లలకు చూపించనీకి బాగుంటది.

ఆకు తెంపి తిరగేసి, అడుగు వైపు తెల్లదోమను ఈ వాచీ అద్దంతోటి తమ్ముడు తీసిన ఫోటో నాయినకు చూపిస్తే ఫోన్‌ను మొహానికి దగ్గర పెట్టుకొని "దీనికి రెక్కలు ఉంటయారా" అన్నడు. ముప్పై ఏండ్ల సంది దానికి మందు కొడుతున్న మనిషి. నాకు ఈ పని ఎందుకు చేస్తున్ననో ఆ మాటతోటి ఇంకా గట్టిగ అర్థమయింది.

పుష్యమి, లెన్స్ తిరగేసుడు

ఇది అన్నిటికంటే చవుకది, రివర్స్ రింగు. రెండు మూడు వందలల్ల వస్తది. ఒక దిక్కు లెన్స్ ముందరి మరకు ఎక్కుతది, ఇంకో దిక్కు కెమెరా బాడీకి ఎక్కుతది. లెన్స్ ముందర ఎన్ని మిల్లీమీటర్ల ఫిల్టర్ పడుతదో దాని మీదనే రాసి ఉంటది, గుండ్రానికి అడ్డగీత ఉన్న గుర్తు పక్కన, నా 18-55కు 58. ఆ నంబరు చూసుకొనే రింగు తెప్పించుకోవాలె.

తిరగేస్తే కెమెరాకు లెన్స్‌కు కరెంటు కనెక్షన్ తెగిపోతది. ఆటోఫోకస్ ఉండదు, అది ఎట్లైనా ఈ దగ్గర పనికి అక్కర లేదు. అసలు సమస్య అపర్చర్, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబరు పెరిగే కొద్ది అది చిన్నగ అయితది. కెనాన్ లెన్స్ బాడీ నుంచి విడగొడితే అపర్చర్ పూర్తిగ తెరుసుకుంటది, అట్ల తీస్తే కన్ను రెప్పంత కూడ ఫోకస్‌ల ఉండదు. దీనికి ఉపాయం: లెన్స్ మామూలుగ తొడిగి, ఎం మోడ్‌ల పెట్టి ఎఫ్ 8 సెట్ చేసి, బాడీ ముందర లెన్స్ పక్కన ఉండే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ ఒత్తి పట్టుకొని, అట్ల ఒత్తి ఉండంగనే లెన్స్ విప్పాలె. అపర్చర్ ఎఫ్ 8 దగ్గరనే ఆగిపోతది. తర్వాత రివర్స్ రింగు మీద పెట్టుకోవచ్చు. నైకాన్ వాళ్లకు వేరే, అపర్చర్ రింగు లేని లెన్స్‌లు విడగొడితే పూర్తిగ మూసుకుంటయి, వెనక చిన్న లివర్ ఉంటది, దాన్ని అట్ట ముక్కతోటి కొంచెం జరిపి ఆపుకోవాలె. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ ఎవల దగ్గరన్న ఉంటే ఈ బాధ లేనే లేదు, అవి ఈ పనికి బంగారం.

తిరగేసిన 18-55ల జూమ్ తలకిందులు అయితది, 55 దిక్కు తక్కువ పెద్దగ, 18 దిక్కు పోయే కొద్ది ఎక్కువ పెద్దగ. 18 మీద స్కేలు తీస్తే ఫ్రేముల ఏడు మిల్లీమీటర్లే పట్టింది, అంటే 3 రెట్ల పైన. బత్తాయి లేత చిగురు మీద సీతాకోకచిలుక పెట్టిన గుడ్డు ఒక మిల్లీమీటరు దాటి ఉంటది, లేత పసుపు రంగుల గుండ్రంగ, దాన్ని తీస్తే పైన ఉన్న సన్న సన్న గరుకు దాక వచ్చింది. అట్లనే ఆకు పొర లోపల సొరంగం తవ్వుకుంట పోయే పురుగు, వెండి రంగుల మెలికలు మెలికలుగ గీత పెడుతది చూడండ్రి, ఆ గీత మధ్యలనే నల్లగ సన్నటి దారి కనబడుతది, అది దాని పెంట, ఆ దారి చివర లోపల పురుగు. ఇది మా తోటల అందరికీ ఎరుకైన రోగమే గాని పురుగును చూసినోళ్లు లేరు.

కాని ఒక మాట. లెన్స్ తిరగేసినంక దాని మౌంటు (కెమెరాకు తగిలించే వెనక దిక్కు) నుంచి పురుగు దాక ఉండాల్సిన దూరం దాదాపు ఫిక్స్. మామూలుగ ఆ మౌంటుకు సెన్సర్ ఎంత దూరంల ఉండేదో ఇంచుమించు అంత, కెనాన్‌కు అది 44 మిల్లీమీటర్లు. ఇప్పుడు సెన్సర్ జాగల పురుగు ఉన్నది, అంతే తేడా. నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గరికి నల్లటి లెన్స్ తెచ్చి పెడితే ఏ బతికున్న పురుగు ఊరుకుంటది? బత్తాయి ఆకు తినే సీతాకోకచిలుక గొంగళిని తీద్దామని పోతే తల వెనక నుంచి నారింజ ఎరుపు కొమ్ములు రెండు బయటికి పెట్టి ఘాటు వాసన వదులుతది, అది దాని రక్షణ. కొమ్ముల ఫోటో కావాలంటే మంచిదే, కాని అది ఆకు తింటున్నట్టు ఆరాంగ ఉన్న ఫోటో ఇట్ల రాదు. ఈ రోజు నుంచి ఎన్ని రెట్లు అనేదానికంటే లెన్స్‌కు పురుగుకు మధ్యన ఎంత జాగ మిగులుతది అనేదాన్నే ముందుగాల రాసుకుంటున్న. గుడ్లకు, సొరంగాలకు, చచ్చినవాటికి రివర్స్ రింగు. బతికినవాటికి వేరే దారి చూడాలె.

వెనక భాగం ఇప్పుడు ముందుకు వచ్చింది కాబట్టి కనెక్షన్ల మీద దుమ్ము, వాన చినుకు పడకుండ ఒక పాత వెనక మూత తీసుకొని మధ్యల వేడి కత్తితోటి గుండ్రంగ కోసి తొడిగిన.

ఆశ్లేష, గొట్టాలు

ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటే లోపల అద్దం ఏం ఉండదు, ఖాళీ రింగులు, లెన్స్‌ను సెన్సర్‌కు దూరం జరుపుతయి అంతే. ఎంత జరిపినమో దాన్ని లెన్స్ ఫోకల్ దూరంతోటి భాగిస్తే ఎన్ని రెట్లు పెరుగుతదో వస్తది. చవుక సెట్టుల 7, 14, 28 మిల్లీమీటర్ల మూడు రింగులు ఉంటయి, మూడు కలిపి 49, నా 50 ఎంఎం లెన్స్‌కు పెడితే సుమారు 1:1. అదే రింగులు 250 మీద పెడితే 0.2 కూడ పెరగదు, 18 మీద పెడితే ఫోకస్ అయ్యే జాగ లెన్స్ అద్దం లోపలికే పోతది. కాబట్టి గొట్టాలు 50 ఎంఎం లాంటి లెన్స్‌కే.

వెలుతురు తగ్గుతది, అది గుర్తుపెట్టుకోవాలె. 1:1 దగ్గర ఎఫ్ 8 పెడితే లెక్కకు అది ఎఫ్ 16 లెక్క పనిచేస్తది, రెండు స్టాపులు పోయినట్టు, అంటే వెలుతురు నాలుగో వంతే. అందుకే ఎఫ్ 16, 22 అని పెద్ద నంబర్లకు పోతే బొమ్మ మొత్తం మెత్తబడుతది. కనెక్షన్ లేని చవుక రింగులల్ల అపర్చర్‌కు మళ్లా ఆ బటన్ ఉపాయమే. కనెక్షన్లు ఉన్న రింగులు రెండు మూడు వేలకు పైన అడుగుతున్నరు, నా రూలు వందలు, వదిలేసిన.

మఖ, జూమ్ ముందర అద్దం

ఇక్కడ దొరికింది నాకు కావాల్సింది.

క్లోజప్ ఫిల్టర్లు అని +1, +2, +4, +10 నాలుగు కలిపి ఒక పర్సుల పెట్టి అమ్ముతరు, వందలల్లనే. చానమంది వీటిని 18-55కు పెట్టి, ఏం పెద్దగ రాలే అని పక్కన పడేస్తరు. అసలు వీటి జాగ పొడుగు జూమ్ మీద. లెక్క ఇట్ల: 1000ని ఆ నంబరుతోటి భాగిస్తే దాని ఫోకల్ దూరం మిల్లీమీటర్లల్ల వస్తది. +4 అంటే 250. లెన్స్ ఫోకల్ దూరాన్ని దీంతోటి భాగిస్తే ఎన్ని రెట్లో వస్తది. 250 జూమ్ ముందర +4 అంటే 250 బై 250, సరిగ్గ 1:1! అదీ పురుగుకు 25 సెంటీమీటర్ల దూరం నుంచి. జానెడు పైన. అదే అద్దం 55 మీద పెడితే 0.22, అందుకే వాళ్లకు ఏం కనబడలే.

ఇంకో మేలు ఏందంటే లెన్స్‌ను ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరం ఫోకస్) మీద ఉంచితే దూరం 25 సెంటీమీటర్లే, జూమ్ ఎంత తిప్పినా మారదు, జూమ్ తిప్పి 100 నుంచి 250 దాక వస్తే పురుగు అట్లనే పెద్దగ అయితది, మనం కాళ్లు కదపాల్సిన పని లేదు. ఆటోఫోకస్, అపర్చర్, వణుకు ఆపేది అన్నీ మామూలుగ పనిచేస్తయి ఎందుకంటే కనెక్షన్ తెగలేదు. వెలుతురు కూడ తగ్గదు, గొట్టాల మీద ఎఫ్ 8 ఇచ్చే లోతు (ముందు వెనకల ఎంత మందం ఫోకస్‌ల ఉంటదో అది) ఇక్కడ ఎఫ్ 16 పెడితే వస్తది, రెండింటికీ 1:1 దగ్గర 0.6 మిల్లీమీటరు, తేడా లేదు. ఎఫ్ 16 అంటే ఎక్కువ కదా అని భయపడే అక్కర లేదన్నట్టు.

లోపం ఒకటుంది, ఇది ఒంటి అద్దం కాబట్టి అంచులల్ల ఊదా, పచ్చ రంగు చారలు వస్తయి, తెల్లటి పత్తి పువ్వు మీద అయితే బాగ తెలుస్తది. మధ్యల బాగనే ఉంటది. రెండు మూడు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే చారలు ఇంకా ఎక్కువ. ఈ చారలు పోవాలంటే రెండు రకాల గాజులు అతికించిన అద్దం కావాలె. రేనాక్స్ డీసీఆర్-250 అని అట్లాంటిదే, +8ది, పేరున్నది, కాని వేలల్ల ఉంటది.

అట్లాంటి అతుకు అద్దం ప్రతి బైనాక్యులర్ ముందర రెండు ఉంటయి. మా బావ దగ్గర ఒక పాత 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ ఉన్నది, ఒక పక్క ప్రిజం కదిలి బొమ్మ రెండుగ కనబడుతదని అటక మీద పడేసిండు. అడిగితే "తీస్కపో బామ్మర్ది, అక్కరకొస్తే మంచిదే కదా" అని ఇచ్చిండు. ముందరి రింగు విప్పితే అద్దం బయటికి వచ్చింది. గదిల నిలబడి ఎదురు కిటికీ బొమ్మ తెల్ల గోడ మీద పడేటట్టు పట్టుకొని, బొమ్మ సాఫ్‌గ అయినకాడ అద్దానికి గోడకు మధ్య కొలిస్తే 19 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది, అంటే +5 పైన. 250 బై 190, 1.3 రెట్లు.

దాన్ని లెన్స్‌కు ఎట్ల పెట్టిన అంటే, క్లోజప్ సెట్టుల +1తోటి పెద్దగ పని లేదు, దాని అద్దం ఆపే సన్న రింగును విప్పి అద్దం తీసేసి, ఆ 58 ఫ్రేముల ఈ బైనాక్యులర్ అద్దాన్ని పెట్టిన, చుట్టూ మిగిలిన సందుకు నల్ల చార్టు పేపర్ పట్టీ చుట్టిన. ఏ ముఖం ఎటు రావాలె అనేది చాన ముఖ్యం. బైనాక్యులర్ల ఆకాశం దిక్కు ఉన్న ముఖం ఇప్పుడు కెమెరా దిక్కు రావాలె, పురుగు దిక్కు కాదు. బైనాక్యులర్ల ఆ ముఖానికి దూరం నుంచి సమాంతరంగ వెలుతురు వస్తది, ఇప్పుడు ఆ సమాంతర వెలుతురు అద్దానికి జూమ్‌కు మధ్యల ఉన్నది, అందుకే. రెండు దిక్కులా పెట్టి అదే వార్తాపత్రిక అక్షరాలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవలకైనా తెలుస్తది, సరైన దిక్కు పెట్టింది మూలల దాక అక్షరం అక్షరం విడిగ వచ్చింది, ఊదా చార దాదాపు లేదు. జూమ్ 100 కిందికి తెస్తే మూలలు నల్లబడుతయి, అక్కడ దీంతోటి పని లేదు.

గొంగళి ఈసారి కొమ్ములు పెట్టలే. 19 సెంటీమీటర్ల దూరంల ఉన్న అద్దాన్ని అది పట్టించుకోలే, ఆకు అంచు మీద తింటనే ఉన్నది, నోటి కింద ఆకు అంచు కొరికిన గాటు దాక వచ్చింది. చిన్నప్పుడు ఇవే గొంగళులు పిట్ట రెట్ట లెక్క నలుపు తెలుపుల ఉంటయి, పెద్దగైనంక పచ్చగ అయితయి, రెండూ ఒకే పురుగు అని పక్కపక్కన ప్రింటు పెట్టాలె.

పుబ్బ, వెలుతురు

అద్దాల సంగతి తేలినంక మిగిలింది మొత్తం వెలుతురు పనే, దీని మీదనే ఎక్కువ పొద్దులు పెట్టిన, అంత అక్కర కూడ.

లోతు 0.6 మిల్లీమీటరు అంటే మనం ఊపిరి పీల్చినా ఫోకస్ పోతది. కెమెరా ఫ్లాష్ వెలిగేది సెకనుల చాన చిన్న ముక్క కాబట్టి ఆ ముక్కలనే బొమ్మ ఆగిపోతది, చెయ్యి వణికినా, ఆకు ఊగినా. ఎం మోడ్ (అన్నీ మనమే సెట్ చేసేది), షట్టరు 1/200 సెకను, ఎఫ్ 11 నుంచి 16, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురు పట్టే లెక్క) 200, ఫ్లాష్. 700డికి ఫ్లాష్‌తోటి 1/200 దాటనియ్యదు. కాని బాడీ మీది ఫ్లాష్ వెలుతురు పొడుగు జూమ్ మీద పడి ముందర నీడ పడుతది, పురుగు కాడికి చేరేది కూడ గట్టి వెలుతురు, అక్షింతల పురుగు నున్నటి వీపు మీద తెల్లటి చుక్క మండినట్టు వస్తది.

చిప్స్ వచ్చే పొడుగు గుండ్రటి డబ్బా, లోపల వెండి రేకు ఉంటది కదా, దాని ఒక చివర ఫ్లాష్‌కు సరిపడ కోసి తొడిగి, ఇంకో చివర జూమ్ మూతి దాక తెచ్చిన. అక్కడ కొత్త టీవీకి చుట్టి వచ్చే తెల్ల ఫోం షీటును ప్లేటంత వెడల్పుల కోసి, మధ్యల లెన్స్‌కు రంధ్రం పెట్టి, కొంచెం ముందుకు వంచి పెట్టిన. వెలుతురు డబ్బాల నుంచి పోయి ఈ ఫోం మొత్తం వెలుగుతది. పురుగు దిక్కు నుంచి చూస్తే వెలుతురు ఎంత పెద్దగ కనబడితే అంత మెత్తగ ఉంటది, పురుగుకు ఆ ఫోం దాదాపు ఆకాశమంత. వీపు మీద మండే చుక్క పోయి మెత్తటి మెరుపు వచ్చింది, చుక్కల కింద అసలు రంగు కనబడ్డది.

పొద్దు కూడ చూసుకోవాలె. సూర్యుడు పొడిసి పొడవంగనే గాలి ఉండదు, మంచు చుక్కలు ఉంటయి, చల్లదనానికి పురుగులు మెల్లగ ఉంటయి, పచ్చదోమ కూడ ఎగరదు. మధ్యాహ్నం పత్తి చేన్ల పచ్చదోమను తీయనీకి పోవుడు వేస్టు, ఆకు తాకంగనే పక్కకు నడిచి ఆకు అడుగుకు పోతది. ఎడమ చేత్తోటి ఆకు కాడ పట్టుకొని, ఆ చేతి మీదనే లెన్స్ ఆనించి పెడితే ఆకు, కెమెరా రెండూ కలిసి ఊగుతయి, ఫోకస్ చెక్కు చెదరదు. లెన్స్ మీద ఫోకస్ తిప్పుడు మానేసి మొత్తం ఒంటిని వెనకాముందు మెల్లగ ఊపుకుంట, పురుగు కన్ను సాఫ్‌గ అయిన నిమిషంల నొక్కాలె.

ఉత్తర, బోల్టు మీద ఫోకస్

3 రెట్ల దగ్గర లోతు మిల్లీమీటరుల పదో వంతు దగ్గరికి పడిపోతది, గుడ్డు పైభాగం కనబడితే పక్కలు కనబడయి. కాబట్టి కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంట వరుసగ తీసి కంప్యూటర్ల కలపాలె. హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోటి వచ్చే పనిముట్లు ఈ పని చేస్తయి, ముందుగాల అన్నిటినీ ఒకదాని మీద ఒకటి సరిచేసి, తర్వాత సాఫ్‌గ ఉన్న ముక్కలు ఏరుకొని కలుపుతయి.

జరపనీకి రైలు (కెమెరాను సన్నసన్నగ ముందుకు జరిపే పట్టా) కొనలే. టేబుల్ సొరుగుకు వేసే ఇనుప చానెల్ ఒకటి, ఎం6 మర ఉన్న పొడుగు బోల్టు ఒకటి, వెల్డింగ్ షాపుల చిన్న పట్టీకి నట్టు అతికించుకున్న. ఎం6 మామూలు మర ఒక చుట్టుకు సరిగ్గ 1 మిల్లీమీటరు జరుగుతది. బోల్టు తలకు 20 గీతలు గీసిన గుండ్రటి అట్ట అతికిచ్చిన, ఒక్కో గీతకు 0.05 మిల్లీమీటరు. 3 రెట్లకు ఒక గీత, 1 రెట్టుకు ఏడెనిమిది గీతలు జరిపితే సరిపోతది. ఎప్పుడూ ఒకే దిక్కు తిప్పాలె, వెనక్కి తిప్పితే మరల ఉన్న సందు వల్ల లెక్క తప్పుతది. షట్టరు చేత్తోటి నొక్కకుండ 2 సెకన్ల టైమర్ పెట్టుకోవాలె.

దీంతోటి తీసినవాటిల నాకు అన్నిటికంటే ఇష్టమైనది అల్లిక రెక్కల పురుగు గుడ్లు. పత్తి ఆకు అడుగున వెంట్రుకంత సన్నటి కాడలు నిలబడి ఉంటయి, ఒక్కో కాడ చివర ఒక్కో గుడ్డు, లేత పచ్చగ. మా దగ్గర దాన్ని బూజు అంటరు, బూజు పట్టిందని మందు కొట్టినోళ్లు కూడ ఉన్నరు. ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్ల పేనుబంకను పట్టి పీల్చి తింటది. కొమ్మ తెంపి నీళ్ల సీసల పెట్టి ఇంట్ల వసారాల ఉంచి తీసిన, గాలి లేకుండ.

ప్రింట్లు

నల్లగొండల ఒక స్టూడియోల ముందుగాల కొన్ని ఏ4 సైజు కొట్టించిన. ప్రతి ప్రింటు కింద మూలకు స్కేలు గీత ఒకటి వేసిన, ఒక మిల్లీమీటరు అంటే ఈ ఫోటోల ఎంతో చూపించనీకి, లేకపోతే పేనుబంక అంత లావు ఉంటదా అని అడుగుతరు. గీతకు లెక్క స్కేలు ఫోటో నుంచే వస్తది, ప్రతిసారి పురుగును తీసినంక జూమ్ కదపకుండ అదే దూరంల స్కేలు ఒకటి తీసి పెట్టుకున్న కాబట్టి ఇబ్బంది కాలే. పేర్లు మనం చేన్ల పిలిచే పేర్లే పెద్ద అక్షరాలల్ల రాపిచ్చిన, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు ఒక్కొక్కటి చూసి సరిగ్గ ఉన్నయో లేవో చెప్పినంకనే.

అక్షింతల పురుగు పెద్దది అందరికీ ఎరుకే, మంచిదని కూడ ఎరుక. కాని దాని పిల్ల నల్లగ పొడుగ్గ, ఒంటి మీద ముళ్ల లెక్క ఉండి చూడనీకి పంటను తినేది లెక్కనే ఉంటది, దాన్ని చూడంగనే నలిపేస్తరు. తల్లి, పిల్ల, పక్కన అది తింటున్న పేనుబంక, మూడు ఒకే ప్రింటుల పెట్టిన. నాయిన దాని ముందర నిలబడి చిన్నాయనతోటి "గిది మొన్న మన చేన్ల కొమ్మ కొమ్మకు ఉండె, మందు ఇప్పుడు వద్దు, వారం చూద్దాం" అన్నడు. చిన్నాయన తన చేన్ల ఉన్నయా లేవా అని తమ్ముని ఫోన్, వాచీ అద్దం తీసుకొని పోయిండు.

ఇంక మిగిలింది గులాబీ రంగు పురుగు. గుడ్డిపూలు కనబడుడు మొదలయింది, రెక్కలు విచ్చుకోకుండ మెలివేసుకొని ఉంటయి, విప్పితే లోపల పురుగు. పువ్వు విప్పి లోపలిది తీయనీకి బైనాక్యులర్ అద్దం, 200 దగ్గర జూమ్ సరిపోతది. గుడ్డు మాత్రం అర మిల్లీమీటరు, దానికి రివర్స్ చేసిన 18-55, బోల్టు రైలు. లింగాకర్షక బుట్టలల్ల (ఆడ పురుగు వాసనతోటి మగ పురుగులను పట్టేవి) పడిన రెక్కల పురుగులు కొన్ని డబ్బాల ఎండబెట్టి పెట్టిన, వచ్చే వారం వాటిని రైలు మీద ఎక్కిస్త.